పెద్దయ్యాక పిల్లల నవల చదవాలనుకునేవాళ్లకు: పుస్తకం వెతకడం నుంచి చివరి పేజీ దాకా

"చిన్నప్పుడు చదివిన ఆ దీవి కథ మళ్లీ చదవాలని ఉంది, ఏ పుస్తకం కొనాలి?" "మొదలుపెట్టాను గానీ పది పేజీలు దాటడం లేదు, నా వయసు దాటిపోయిందంటారా?" "మా పాప కోసం కొన్న పుస్తకం నేను చదివితే నాకేమొస్తుంది?" హనుమకొండలో, కాజీపేటలో నా దగ్గర పుస్తకాలు తీసుకెళ్లేవాళ్లు తిప్పి తిప్పి అడిగేవి ఇవే. ఒక్కొక్కరికి విడిగా చెబుతూ వచ్చిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి గుర్తుంచుకోండి. మనలో చాలామందిమి ఆ నవలలు అసలు చదవలేదు. స్కూల్లో ఇంగ్లిష్ నాన్‌డిటెయిల్‌గా వచ్చిన కుదించిన కథ చదివాం. లేకపోతే బొమ్మల పుస్తకం తిరగేశాం. దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున మోగ్లీని చూశాం. మనకు కథ తెలుసు గానీ పుస్తకం తెలియదు. కాబట్టి "మళ్లీ చదువుతున్నా" అనుకోవద్దు. మొదటిసారి చదువుతున్నట్టే కూర్చోండి. కింద చెప్పేదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఉదాహరణలు ఎక్కువగా రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ రాసిన 'ట్రెజర్ ఐలండ్' నుంచి ఇస్తాను. 1883లో పుస్తకంగా వచ్చింది. నండూరి రామమోహనరావు గారు దాన్ని 'కాంచన ద్వీపం' పేరుతో తెలుగు చేశారు. మరీ పెద్దది కాదు, భాష పరిగెత్తిస్తుంది. పెద్దవాళ్లకు దొరికేది అందులో చాలా ఉంది.

ఏమేం కావాలి

- నవల పూర్తి ప్రతి, తెలుగులో గానీ ఇంగ్లిష్‌లో గానీ.
- ఒక పెన్సిల్. పుస్తకం లైబ్రరీదైతే గీతలు పెట్టకుండా చిన్న కాగితపు చీటీలు వాడండి.
- ఒక తెల్లకాగితం, మడిచి పుస్తకం చివర పెట్టుకోవడానికి.
- రోజుకు అరగంట. ఆ అరగంట ఫోన్ వేరే గదిలో ఉండాలి.

చత్వారం వచ్చినవాళ్లు అక్షరం సైజు చూసి మరీ కొనండి. తక్కువ ధరకు దొరికే ఇంగ్లిష్ క్లాసిక్స్ చాలావాటిలో అచ్చు చీమల బారులా ఉంటుంది. పది పేజీలకు కళ్లు లాగి పుస్తకం మూసేసి, "పిల్లల పుస్తకం కదా, ఇక నాకు ఎక్కదులే" అనుకునేవాళ్లు ఉన్నారు. అక్కడ తప్పు పుస్తకానిదీ కాదు, వయసుదీ కాదు. పెద్ద అచ్చు దొరక్కపోతే ఫోన్‌లో కాకుండా ట్యాబ్‌లో అక్షరం పెంచుకుని చదవండి.

1. పుస్తకం ఎంచుకోండి

అంతో ఇంతో కథ తెలిసిన పుస్తకం తీసుకోండి. బొత్తిగా తెలియనిది వద్దు. తెలిసిన కథైతేనే ఎక్కడ కొత్తగా ఉందో పట్టుకోగలరు.

సాహసాలు ఇష్టమైతే 'కాంచన ద్వీపం'. అడవి ఇష్టమైతే రడ్యర్డ్ కిప్లింగ్ 'జంగిల్ బుక్'. చందమామ కోసం నెలంతా ఎదురుచూసిన ఇంట్లో పెరిగారా? అయితే విదేశీ పుస్తకమే కానక్కర్లేదు. దాసరి సుబ్రహ్మణ్యం గారు అందులో రాసిన సీరియళ్లు, 1954లో మొదలైన 'తోకచుక్క', ఆ తర్వాతి 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', నిండైన పిల్లల నవలలే. అవి పుస్తకాలుగా కూడా వచ్చాయి.

ఎక్కువసేపు కూర్చోలేని వాళ్లకు నేనిచ్చేది 'రైలుబడి'. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి 1981లో రాసిన 'తొత్తొచాన్'కి తెలుగు. ఖచ్చితంగా చెప్పాలంటే అది నవల కాదు, బాల్యం గురించిన జ్ఞాపకాలు. కానీ అధ్యాయాలు రెండు మూడు పేజీలే. పాత రైలు పెట్టెల్లో తరగతులు నడిపిన టోక్యో బడి కథ అది. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాళ్లకు మొదటి పేజీల్లోనే మనసు అతుక్కుంటుంది.

జాగ్రత్త: 1865 నాటి 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' ఇంగ్లిష్ ప్రతితో మాత్రం మొదలుపెట్టకండి. అది గొప్ప పుస్తకమే. కానీ అందులో సగం ఆట ఆనాటి ఇంగ్లిష్ పిల్లలు బడిలో బట్టీపట్టిన పద్యాలతో ఆడింది. ఆ పద్యాలు తెలియనివాళ్లకు మూడో అధ్యాయానికే విసుగు పుడుతుంది. రెండు మూడు పుస్తకాలు అయ్యాక, కింద వివరణలున్న ప్రతి దొరికితే అప్పుడు పట్టుకోండి.

ఎక్కడ దొరుకుతాయంటే, ముందు జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అడగండి. హనుమకొండలో 1904లో పెట్టిన శ్రీ రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉంది. పాత తెలుగు అనువాదాల కోసం అక్కడా ఒకసారి వాకబు చేయండి. ఆదివారం హైదరాబాద్‌లో పని పడితే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూడండి. ఇంగ్లిష్‌లో చదవగలిగితే ఖర్చే లేదు. స్టీవెన్‌సన్, కిప్లింగ్ కాలం నాటి పుస్తకాల మీద కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది, ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దిగుమతి చేసుకోవచ్చు. అనువాదం సంగతి వేరు. అనువాదకుడి హక్కు విడిగా లెక్కకొస్తుంది. అందుకని తెలుగు పుస్తకం అచ్చులో దొరుకుతుంటే కొనండి.

2. అది పూర్తి పుస్తకమేనా? చూసుకోండి

ఈ స్టెప్ దాటవేసినవాళ్లే మధ్యలో ఆగిపోవడం ఎక్కువ చూశాను. కుదించిన ప్రతిలో సంఘటనలు ఉంటాయి, మనుషులు ఉండరు. ఎవరు ఎక్కడికి వెళ్లారు, ఎవరిని కొట్టారు అన్నంతవరకే మిగులుతుంది. పదేళ్లప్పుడు అది చాలు. నలభై ఏళ్లకు ఆ ఎముకల గూడు చదివితే ఖాళీగానే ఉంటుంది మరి.

పూర్తి ప్రతిని కనిపెట్టడం కష్టం కాదు. విషయసూచిక తెరిచి అధ్యాయాలు లెక్కపెట్టండి.

- 'ట్రెజర్ ఐలండ్': ఆరు భాగాలు, 34 అధ్యాయాలు. 16 నుంచి 18 వరకు కథ చెప్పేది కథానాయకుడైన కుర్రాడు జిమ్ కాదు, డాక్టర్ లివ్‌సీ. మీ ప్రతిలో మొదటి నుంచి చివరిదాకా జిమ్ ఒక్కడే చెబుతుంటే ఎవరో కత్తెర వేశారన్నమాట.
- 'పినోకియో': 36 అధ్యాయాలు. నాలుగో అధ్యాయంలో నీతులు చెప్పే కీచురాయిని పినోకియో సుత్తితో కొట్టి చంపేస్తాడు. సినిమాలో లాగా అది పక్కనే తిరుగుతుంటే అది అసలు పుస్తకం కాదు.
- 'జంగిల్ బుక్': 1894 నాటి మొదటి పుస్తకంలో ఏడు కథలు. అందులో మోగ్లీవి మూడే. మిగతావి తెల్ల సీలు (సముద్ర జంతువు), ముంగిస, ఏనుగుల మావటి కొడుకు, సైన్యంలోని జంతువుల కథలు. 1895 నాటి రెండో పుస్తకంలో మోగ్లీ కథలు ఇంకో ఐదు ఉన్నాయి.

అట్ట మీద "సంక్షిప్త", "సరళ", "పిల్లల కోసం తిరగరాసినది" లాంటి మాటలు ఉన్నాయా చూడండి. తెలుగు అనువాదాన్ని కూడా ఇంగ్లిష్ విషయసూచికతో పోల్చి చూడండి. ఒకటి రెండు అధ్యాయాలు కలిపేసి ఉంటే పట్టించుకోవద్దు. 34 చోట్ల 12 ఉంటే మాత్రం వేరే ప్రతి వెతకండి.

పూర్తి తెలుగు ప్రతి దొరకలేదు, ఇంగ్లిష్ అంత ధీమాగా చదవలేరు, అప్పుడెలా? కుదించిన తెలుగు పుస్తకం ముందు ఒక పూటలో చదివేసి, తర్వాత ఇంగ్లిష్‌ది పట్టుకోండి. కథ ముందే తెలుసు కాబట్టి వాక్యం దగ్గర తడబడ్డా దారి తప్పరు.

3. గుర్తున్నది రాసి పెట్టండి

పుస్తకం తెరవకముందే తెల్లకాగితం మీద అరపేజీ రాయండి. కథ ఏమిటి, ఎవరు మంచివాళ్లు, ఎవరు చెడ్డవాళ్లు, చివరికి ఏమైంది. తప్పైనా పర్లేదు. ఎవరినీ అడగొద్దు, ఫోన్‌లో వెతకొద్దు. మడిచి పుస్తకం చివరి పేజీలో పెట్టేయండి. చివర్లో దీనితో పని ఉంది.

4. రోజుకు రెండు అధ్యాయాలు, అంతకు మించొద్దు

'ట్రెజర్ ఐలండ్' మొదట 1881 అక్టోబర్ నుంచి 1882 జనవరి దాకా 'యంగ్ ఫోక్స్' అనే పిల్లల వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. 'పినోకియో' కూడా అంతే. దాని రచయిత కొలోడీ పదిహేనో అధ్యాయంలో పినోకియోని చెట్టుకు ఉరితీయించి కథ ముగించేశాడు. కథ ఇంకా కావాలని పాఠకులు పట్టుబట్టాక మళ్లీ మొదలుపెట్టి 36 దాకా నడిపాడు. ఇవన్నీ ఆగి ఆగి చదవడానికి కట్టిన కథలు. ప్రతి అధ్యాయం చివర ఒక కొక్కెం ఉంటుంది. ఏకబిగిన చదివేస్తే ఆ కొక్కేలు పనిచేయవు, మనకు మిగిలేది మళ్లీ కథే.

రెండేసి చొప్పున 34 అధ్యాయాలు 17 రోజుల్లో అవుతాయి. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రోజూ రైల్లో వెళ్లొచ్చేవాళ్లకు సుమారు రెండు గంటల ప్రయాణం ఉంటుంది. వెళ్లేటప్పుడు చదవండి, వచ్చేటప్పుడు వద్దు. సాయంత్రం అలసటలో కళ్లు పంక్తుల మీద జారిపోతాయి. ఒక రోజు తప్పిపోతే మర్నాడు నాలుగు చదివి బాకీ తీర్చాలనుకోకండి. రెండే చదవండి. వరుసగా నాలుగు రోజులు తప్పితే మాత్రం వెనక్కి వెళ్లి, ఆగిన చోటుకు ముందున్న అధ్యాయం నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

కళ్లకు ఇబ్బంది ఉన్నవాళ్లకు ఇంకో దారి: లిబ్రివాక్స్ అనే వెబ్‌సైట్‌లో ఇలాంటి పాత ఇంగ్లిష్ నవలలను వాలంటీర్లు చదివి రికార్డు చేసిన ఆడియోలు ఉచితంగా ఉన్నాయి. వినడం కూడా చదవడమే. వంట చేస్తూ వినొద్దు గానీ నడుస్తూ వినొచ్చు.

5. మొదటి పది అధ్యాయాలు దాటడం

"ఓడ ఎప్పుడొస్తుందండీ?" అని అడుగుతారు. ఓడ ప్రయాణం మొదలయ్యేది పదో అధ్యాయంలో. అప్పటిదాకా సముద్రం ఒడ్డున ఒక చిన్న సత్రం, బ్రిస్టల్ రేవు, అంతే. చిన్నపిల్లలకు ఇక్కడే విసుగు. పెద్దవాళ్లకు నా దృష్టిలో పుస్తకం మొత్తంలో గొప్ప భాగం ఇదే. తొందరపడి పేజీలు తిప్పకండి.

ఓడ భాగాల పేర్లు, తెరచాపల పేర్లు అడ్డం వస్తాయి. ప్రతి మాటకూ డిక్షనరీ తీయొద్దు. మొదటిసారి వస్తే వదిలేయండి, రెండోసారి వస్తే పెన్సిల్‌తో గీత పెట్టండి, మూడోసారి వస్తేనే వెతకండి. సగానికి పైగా మూడోసారి రానే రావు. కొన్ని మనకు ఇంగ్లండ్ పాఠకుల కంటే బాగా తెలిసినవే. దీవిలో ఒంటరిగా చిక్కుకున్న బెన్ గన్ మేక తోలుతో కట్టిన చిన్న పడవను జిమ్ నడపబోతే అది ముందుకు పోకుండా గిరగిరా తిరుగుతుంది. మంథని దగ్గరో ధర్మపురి దగ్గరో గోదావరిలో పుట్టి ఎక్కినవాళ్లకు ఆ రెండు పేజీలు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

జాగ్రత్త: పుస్తకం ముందుండే పండితుల ముందుమాట చదవొద్దు. చాలా ముందుమాటలు కథ అంతా బయటపెట్టేస్తాయి. నవల అయ్యాక తిరిగొచ్చి చదవండి.

6. డబ్బునూ పెద్దవాళ్లనూ గమనించండి

అసలు పని ఇక్కడుంది. ఇందులో కథ బయటపడుతుంది. అది ఇష్టం లేనివాళ్లు నవల చదివాక ఈ భాగానికి రండి.

చిన్నప్పుడు మనం జిమ్ పక్కన నిలబడి చదువుతాం. ఇప్పుడు అతని చుట్టూ ఉన్న పెద్దవాళ్ల పక్కన నిలబడండి. ప్రతి అధ్యాయం అయ్యాక పెన్సిల్‌తో పక్కన రెండు ముక్కలు రాయండి: ఇక్కడ ఎవరికి ఎవరు బాకీ? ఎవరు దేనికి భయపడుతున్నారు?

నాలుగో అధ్యాయం తీసుకోండి. సత్రంలో దిగిన ముసలి కెప్టెన్ మొదట్లో కాస్త బంగారం విసిరి, తర్వాత నెలల తరబడి డబ్బు కట్టలేదు. అడగడానికి జిమ్ తండ్రికి ధైర్యం చాలలేదు. తండ్రి పోయాడు. అంత్యక్రియలైన మర్నాడే కెప్టెన్ కూడా పోయాడు. దొంగలు వస్తున్నారని తెలుసు. తల్లీకొడుకులు సాయం అడిగితే ఊళ్లో ఒక్కరూ తోడు రాలేదు. ఇద్దరే చీకట్లో వెనక్కి వచ్చి కెప్టెన్ పెట్టె తెరుస్తారు. సంచీ నిండా దేశదేశాల నాణేలు. ఆవిడ మొత్తం సంచీ ఎత్తుకుపోవచ్చు. అలా చేయదు. తనకు రావలసినంతే తీసుకుంటానని కూర్చుని లెక్కపెడుతుంది. ఆవిడకు లెక్క తెలిసిన నాణెం గినీ ఒక్కటే, సంచీలో అవే తక్కువ. బయట దొంగల గుంపులోని గుడ్డివాడి కర్ర చప్పుడు దగ్గరపడుతోంది.

పిల్లలుగా ఇక్కడ మనం "అమ్మా, లే, పరిగెత్తు" అని జిమ్‌తో పాటు ఆరాటపడతాం. ఇప్పుడు చదవండి. నిన్న భర్తను సాగనంపిన మనిషి ఆవిడ. తండ్రిలేని కొడుక్కి రావలసిన డబ్బు పోనివ్వనని ఊరి వాళ్ల ముందు తేల్చి చెప్పింది. ఒక్క పైసా ఎక్కువ ముట్టనని పెట్టె ముందు పట్టుబట్టింది. కిరాణా కొట్టు నడిపినవాళ్లకు, ఖాతా పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగినవాళ్లకు, చీటీ డబ్బు కోసం ఎదురుచూసినవాళ్లకు ఆ లెక్క ఎందుకో తెలుసు. నాన్‌డిటెయిల్ పుస్తకాల్లో ఈ లెక్కపెట్టడం ఒక్క వాక్యమైతే ఎక్కువ.

తర్వాత పదకొండో అధ్యాయం. జిమ్ ఆపిల్ పీపాలో దాక్కుని, ఓడలో వంటవాడిగా చేరిన సముద్రదొంగ సిల్వర్ మాటలు వింటాడు. చిన్నప్పుడు మనకు గుర్తున్నది పీపా. ఇప్పుడు సిల్వర్ ఏం చెబుతున్నాడో వినండి. తనకు యాభై ఏళ్లంటాడు. మిగతా దొంగలు సంపాదించింది తాగి తగలేశారని, తాను మాత్రం దాచానని చెబుతాడు. ఒక ఓడ మీద తొమ్మిది వందలు, ఇంకో ఓడ మీద రెండు వేలు, అన్నీ బ్యాంకుల్లో. సంపాదించడం కాదు, దాచడమే ముఖ్యమంటాడు. ఈ ఒక్క ప్రయాణం అయ్యాక పెద్దమనిషిలా స్థిరపడతానంటాడు. వెనక భార్య సత్రం అమ్మేసి డబ్బుతో బయల్దేరే ఉంటుంది. రిటైర్మెంట్ ప్లాన్ వేసుకున్న యాభై ఏళ్ల మనిషి ఇతను. అందుకే మిగతా అందరికంటే ప్రమాదకరం కూడా. ఈ సంగతి నలభై దాటాక తప్ప ఒంటికి పట్టదు. సిల్వర్ ఎందుకు అంత ఓపిగ్గా ఉన్నాడో, చివరికి పక్షం ఎందుకు మారుస్తూ పోయాడో ఇక్కడి నుంచి అర్థమవుతుంది.

వేరే నవల చదువుతున్నా ఇవే ప్రశ్నలు వేయండి. 1911 నాటి 'సీక్రెట్ గార్డెన్' మన దేశంలో కలరాతో మొదలవుతుంది. ఆ ఇంట్లో పాపను అందరూ మర్చిపోయారు. ఎవరెవరు, ఎందుకు మర్చిపోయారో రాయండి. 'తోకచుక్క' లాంటి జానపద నవలైతే డబ్బు బదులు అధికారం చూడండి: ఎవరి మాట ఎవరు వింటున్నారు, ఎందుకు వింటున్నారు?

రచయిత జీవితం గురించి ఒక్క ముక్క తెలిస్తే చాలు, జీవిత చరిత్రలు అక్కర్లేదు. కిప్లింగ్ బొంబాయిలో పుట్టాడు. ఐదేళ్ల వయసులో, 1871లో, అతన్నీ చెల్లెల్నీ తల్లిదండ్రులు ఇంగ్లండ్‌లో పరాయి ఇంట్లో వదిలి వచ్చారు. దాదాపు ఆరేళ్లు అక్కడే. అక్కడ అతను పడిన బాధ తర్వాత తనే రాసుకున్నాడు. ఇది తెలిశాక, తోడేళ్లు చేరదీసిన పిల్లాడు అడవికీ ఊరికీ కాకుండా నిలబడే పేజీలు వేరేగా కనబడతాయి.

7. నొప్పించే మాట వస్తే

వస్తుంది. పాత పుస్తకాలివి. 'సీక్రెట్ గార్డెన్'లో మన పనివాళ్ల గురించి చులకన మాటలున్నాయి. మోగ్లీ కథల్లో ఊరివాళ్లు, మోగ్లీని కొడుకులా చూసుకున్న మెస్సువాను మంత్రగత్తె అని కట్టేసినప్పుడు, న్యాయం కోసం ఆ దంపతులు పారిపోయేది తెల్లవాళ్లు ఉండే ఊరికి. దాటేయకండి, పుస్తకం విసిరేయకండి. పక్కన "ఈ మాట ఎవరిది?" అని రాయండి. పాత్రదా, రచయితదా, ఆ కాలందా? పాత్రది మాత్రమే అయితే కథ దానికి జవాబు చెబుతుంది. రచయితదే అయితే కథ ఎక్కడా జవాబు చెప్పదు. అది గుర్తుపట్టడం పిల్లల వల్ల కాదు, మీ వల్ల అవుతుంది. ఇదే పుస్తకం తర్వాత ఇంట్లో పిల్లలకు ఇస్తే ఆ పేజీ దగ్గర పక్కన కూర్చోండి.

8. మ్యాప్ తెరవండి

'ట్రెజర్ ఐలండ్' పుట్టింది మ్యాప్ నుంచే. 1881 వేసవిలో స్కాట్లండ్‌లోని బ్రేమార్‌లో స్టీవెన్‌సన్ తన సవతి కొడుకుతో కాలక్షేపంగా ఒక దీవి బొమ్మ గీశాడు. కథ దాని వెనక వచ్చింది. మీ ప్రతిలో మ్యాప్ ఉంటే ప్రతి అధ్యాయానికీ అందులో వేలు పెట్టి చూడండి.

'జంగిల్ బుక్' చదివేవాళ్లు తెలంగాణ మ్యాప్ కూడా పక్కన పెట్టుకోండి. మోగ్లీ అడవి మధ్యప్రదేశ్‌లోని సివనీ కొండలు, అతని నది వైన్‌గంగ. ఆ వైన్‌గంగ వార్ధాతో కలిసి ప్రాణహిత అవుతుంది. ప్రాణహిత మన సరిహద్దు వెంట దిగి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. కరువులో పులీ జింకా ఒకే రేవులో నీళ్లు తాగే కథలోని నీళ్లు మన భూపాలపల్లి జిల్లాకు వచ్చే నీళ్లే. మోగ్లీ గుంపు మీదకు వచ్చే రేచుకుక్కలు దక్కన్ నుంచి వచ్చాయంటాడు కిప్లింగ్, అంటే మన వైపు నుంచే. కిప్లింగ్ ఆ కథలు రాయడం మొదలుపెట్టింది మాత్రం అమెరికాలో, వెర్మాంట్ మంచులో కూర్చుని.

9. ఒక అధ్యాయం ఎవరికైనా చెప్పండి

సగం అయ్యాక ఒక అధ్యాయం ఇంట్లో ఒకరికి పైకి చదివి వినిపించండి. ఇంగ్లిష్ పుస్తకమైతే చదవడం కాదు, తెలుగులో మన మాటల్లో చెప్పండి. పిల్లలే కానక్కర్లేదు. అమ్మకు చెప్పండి, భోజనాల దగ్గర భార్యకో భర్తకో చెప్పండి. ఆపిల్ పీపా అధ్యాయం ఇందుకు బాగా నప్పుతుంది. చెబుతూ చెబుతూ ఎక్కడ తడుముకుంటారో అక్కడ మీరు సరిగా చదవలేదన్నమాట. ఆ పేజీ మళ్లీ చూడండి. ఎవరూ వినేవాళ్లు లేకపోతే ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు వినండి.

ఎక్కువమంది చేసే తప్పులు

మొదటిది, నీతి వెతకడం. "ఇందులో ఏం నేర్చుకోవాలి?" అని బడి అలవాటు కొద్దీ అడుగుతాం. సిల్వర్ మంచివాడా చెడ్డవాడా అని తేల్చేయాలని చూస్తే పుస్తకం చేతుల్లోంచి జారిపోతుంది. జిమ్ అతన్ని చూసి భయపడతాడు, మెచ్చుకుంటాడు కూడా. రెండూ ఉండనివ్వండి.

రెండోది పెద్దది: పిల్లల కోసం చదవడం. "ముందు నేను చదివి, బాబుకి పనికొస్తుందో లేదో చూస్తా" అని మొదలుపెడితే ప్రతి పేజీలో కత్తెర పట్టుకుని కూర్చుంటారు. ఈ చదువు మీది. బాబు సంగతి పుస్తకం అయ్యాక.

చిన్నప్పటి ఆనందం మొదటి రోజే తిరిగి రావాలని ఎదురుచూసేవాళ్లూ ఉన్నారు. అది అలా రాదు. అప్పటి ఆనందం వేసవి సెలవులది, ఖాళీ మధ్యాహ్నాలది కూడా. మొదటి వారం చప్పగా అనిపిస్తే టెన్షన్ పడకండి. ఆపిల్ పీపా దాకా ఆగండి.

ఇక మధ్యలో సినిమా చూడటం. జంగిల్ బుక్ కార్టూన్ సినిమాలో కొండచిలువ కా విలన్. పుస్తకంలో మోగ్లీకి ప్రాణస్నేహితుడు, కోతుల చెర నుంచి విడిపించేవాడు. సినిమాలోని కోతుల రాజు పుస్తకంలో లేనే లేడు. మధ్యలో చూస్తే రెండూ కలగాపులగమవుతాయి.

సరిగ్గా చదివారా? ఇలా చూసుకోండి

చివరి పేజీలో మడిచి పెట్టిన కాగితం తీయండి. మీరు రాసిన అరపేజీని ఇప్పుడు తెలిసిన కథతో పోల్చండి. తేడాలు కింద గీయండి. కనీసం మూడు చోట్ల అయినా తేడా ఉండాలి. ఏమీ తేడా లేకపోతే రెండే కారణాలు: మీ దగ్గరున్నది కుదించిన ప్రతి, లేదా కళ్లు పరిగెత్తించి చదివారు. 2వ స్టెప్‌కు వెళ్లి అధ్యాయాలు మళ్లీ లెక్కపెట్టండి.

తర్వాత, 'ట్రెజర్ ఐలండ్' చదివినవాళ్లు పుస్తకం మూసి వీటికి జవాబు చెప్పండి:

- తల్లి లెక్క ఎందుకు ఆలస్యమైంది?
- డాక్టర్ కథ చెప్పే మూడు అధ్యాయాల్లో జిమ్ ఎక్కడున్నాడు?
- మ్యాప్‌లో గుర్తు పెట్టిన చోట నిధి ఎందుకు లేదు?
- సిల్వర్ చివరికి ఏం పట్టుకుపోయాడు?
- నిధిలో వాటా దొరికాక కూడా జిమ్‌కు పీడకలల్లో ఏం వినబడుతుంది?

నాలుగింటికి చెప్పగలిగితే బాగా చదివినట్టే. మూడో ప్రశ్నకు తడబడితే చివరి మూడు అధ్యాయాలు మళ్లీ చూడండి. ఐదోదానికి జవాబు ఆఖరి పేరాలో ఉంది. నిధి దొరికిన కథ ఆనందంగా ముగిసిందని గుర్తుపెట్టుకున్నవాళ్లు ఆ పేరా నెమ్మదిగా చదవాలి.

వేరే పుస్తకమైతే మీరే ఇలాంటి ఐదు ప్రశ్నలు రాసుకోండి. కనీసం రెండు పెద్దవాళ్ల గురించి ఉండాలి.

నచ్చకపోతే

పన్నెండో అధ్యాయం దాటాక కూడా పుస్తకం లాగకపోతే ఆపేయండి, అపరాధ భావం వద్దు. పుస్తకం మార్చండి, పద్ధతి మార్చొద్దు. సముద్రం పడనివాళ్లకు అడవి పడుతుంది, అడవి పడనివాళ్లకు రైలుబడి పడుతుంది. ఒకటి వదిలేసినవాళ్లు వెంటనే అదే రచయిత ఇంకో పుస్తకం తీసుకోకుండా ఉంటే మంచిది.

నచ్చితే, రెండో పుస్తకంగా మోగ్లీ కథలు ఎనిమిదీ వరుసగా చదవండి: మొదటి జంగిల్ బుక్‌లోవి మూడు, రెండో దాంట్లోవి ఐదు, రాత్రికి ఒక్కటే. రెండో పుస్తకంలో మోగ్లీ ఏనుగుల చేత ఊరిని నేలమట్టం చేయించే కథ ఒకటి ఉంది. అది పడుకునే ముందు కాకుండా పగలు చదవండి.